కాకిబంగారం కంటే పలచని సూదంటురాయి

"నువ్వు ఒకసారి మాట్లాడు నాయనా. నీ మాటైతే వింటది."

పోయిన ఏడాది మే నెలలో చిన్నాన్న ఫోన్ చేసి అన్న మాట ఇది. వాళ్లమ్మాయి, అంటే నా చెల్లి, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసింది. జేఆర్‌ఎఫ్ వచ్చింది. పీహెచ్‌డీ సీటూ వచ్చింది. చేరతానో లేదో శుక్రవారంలోగా చెప్పాలి. అప్పటికే హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ కూడా చేతిలో ఉంది. ఇంట్లో అందరి ఓటూ ఉద్యోగానికే. తనని ఒప్పించే బాధ్యత మా ఇంటి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నైన నా మీద పడింది.

ఆదివారం పొద్దున వీడియో కాల్ చేశాను. "ఇంతకీ దేని మీద పీహెచ్‌డీ?" అన్నాను.

"ఒకటి రెండు పొరల మందం మాత్రమే ఉండే సెమీకండక్టర్లు ఉంటాయి అన్నా. వాటిలో అయస్కాంతత్వం మీద."

"దాని వల్ల ఉపయోగం ఏంటి?"

ఈ ప్రశ్న ఇంట్లో అప్పటికి పదిసార్లు విని ఉంటుంది. అయినా కోప్పడలేదు. "ఒక అయస్కాంతాన్ని పలచగా చేసుకుంటూ పోతే, ఎక్కడికి వచ్చాక అది అయస్కాంతం కాకుండా పోతుంది? దీనికి జవాబు చెప్పు. తర్వాత ఉద్యోగం గురించి మాట్లాడదాం" అంది.

నేను ఈసీఈలో బీటెక్ చేశాను. మ్యాగ్నెటిక్ మెటీరియల్స్ అని ఒక యూనిట్ మొత్తం చదివి, పరీక్ష రాసి, పాసయ్యాను. అయినా జవాబు రాలేదు. తనని ఒప్పించడానికైనా సబ్జెక్ట్ తెలియాలి కదా అని ఆ వారమంతా ఆఫీసు అయ్యాక అదే చదివాను. నాకు అర్థమైనంత మీకూ చెప్తాను.

నాయనమ్మ చేతిలో పొరలు

మాది గూడూరు వైపు. అక్కడ నేలలో కాకిబంగారం దొరుకుతుంది. పుస్తకాల్లో దాన్ని అభ్రకం అంటారు, మార్కెట్లో మైకా అంటారు. చిన్నప్పుడు స్కూలుకు వెళ్లే దారిలో మెరిసే పెంకులు ఏరుకుని, గోటితో పొర మీద పొర ఊడదీసేవాళ్లం. మా నాయనమ్మ అయితే మైకా షెడ్డులో కూలికి కత్తితో పొరలు విడదీసేది. ఇస్త్రీ పెట్టెలో వేడెక్కే తీగను చుట్టేది ఆ రేకుల మీదే.

కాకిబంగారం అలా ఎందుకు ఊడుతుంది? ఒక్కో పొర లోపల అణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి. పొరకీ పొరకీ మధ్య పట్టు మాత్రం వదులు. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ కూడా ఈ రకమే. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గ్రాఫైట్ మీద సెల్లోటేప్ అంటించి, పీకి, మళ్లీ అంటించి, చివరికి ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న పొరను బయటికి తీశారు. దాని పేరు గ్రాఫీన్. వాళ్లకి 2010లో నోబెల్ వచ్చింది.

అక్కణ్ణుంచి ప్రపంచంలోని ల్యాబులన్నీ టేపు పట్టుకున్నాయి. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే సెమీకండక్టర్‌ని ఒక్క పొరకు తగ్గిస్తే దాని గుణమే మారిపోతుందని, కాంతిని చాలా ఎక్కువగా వెదజల్లుతుందని 2010లో తేలింది. కరెంటు బాగా పారే పొర, కాంతినిచ్చే పొర, కరెంటు పారనివ్వని పొర... అన్నీ దొరికాయి. ఒక్క అయస్కాంతపు పొర మాత్రం చాలా ఏళ్లు దొరకలేదు.

రూల్‌లో ఉన్న 'ఇఫ్'

ఎందుకు దొరకలేదో తెలియాలంటే ముందు అయస్కాంతం అంటే ఏంటో చూడాలి. కొన్ని పదార్థాల్లో ఒక్కో పరమాణువూ ఒక చిన్న సూది లాంటిది. పక్క పక్క సూదులన్నీ ఒకే దిక్కుకు తిరిగితే మొత్తం కలిసి ఒక పెద్ద అయస్కాంతం. వేడి వాటిని కదిలిస్తుంది, చెదరగొడుతుంది. ఇనుమునైనా 770 డిగ్రీల సెల్సియస్ దాటించి వేడి చేస్తే ఆ గుణం పోతుంది. అంటే పక్కవాళ్లతో కలిసి ఉండాలనే బలానికీ, వేడికీ మధ్య ఎప్పుడూ కొట్లాటే.

ఇప్పుడు పంద్రాగస్టు పరేడ్ గుర్తు తెచ్చుకోండి. వరసలో ప్రతి ఒక్కరూ పక్కవాణ్ణి చూసి సర్దుకోవాలి. ఒక్కొక్కరూ పక్కవాడి కంటే ఒక్క డిగ్రీ తిరిగి నిలబడ్డారనుకోండి. ఎవరికీ తేడా తెలీదు, ఎవరికీ కష్టం లేదు. కానీ 180 మంది దాటాక ఉన్నవాడి మొహం పూర్తిగా వెనక్కి ఉంటుంది. మందంగా ఉన్న పదార్థంలో ముందూ వెనకా, పక్కనా, పైనా కిందా ఇన్ని వైపుల నుంచి పక్కవాళ్లు సరిచేస్తారు కాబట్టి ఈ చిన్న చిన్న తేడాలు కుప్పగా పేరుకోవు. ఒకే పొర అయితే పైనా కిందా ఎవరూ లేరు. తేడాలు అలల్లా పాకి మొత్తం వరసని చెదరగొడతాయి.

1966లో డేవిడ్ మెర్మిన్, హెర్బర్ట్ వాగ్నర్ దీన్ని గణితంతో నిరూపించారు. సూది ఏ దిక్కుకైనా సమానంగా తిరగగలిగితే, ఒకే పొరలో శాశ్వతమైన క్రమం సాధ్యం కాదు. ఎంత చల్లబరిచినా సరే, సున్నా కెల్విన్ పైన ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా అంతే.

అయితే పలచని అయస్కాంతం కుదరదన్నట్టే కదా? నేను కూడా సోమవారం రాత్రి చెల్లికి అదే మెసేజ్ పెట్టాను. 'అసాధ్యం అని ఎప్పుడో తేల్చేశారు, ఇంకా దేని మీద పీహెచ్‌డీ?' అని.

రిప్లై ఒక్క లైన్. 'అన్నా, నువ్వు కోడ్ రాస్తావు కదా. ఆ రూల్‌లో ఇఫ్ కండిషన్ చదివావా?'

మళ్లీ చదివాను. 'సూది ఏ దిక్కుకైనా సమానంగా తిరగగలిగితే.' రూల్ మొత్తం ఆ మాట మీద నిలబడి ఉంది. సూదికి ఏదో ఒక దిక్కు ఇష్టమైతే ఆ రూల్ అసలు వర్తించదు. పరేడ్‌లో పక్కవాణ్ణి కాకుండా అందరూ ఎదురుగా ఉన్న జెండా కర్రను చూసి నిలబడితే వరస చెదరదు కదా, అలా.

నిజానికి ఆ రెండో మాట కూడా ఎప్పుడో తెలిసిందే. సూదికి పైకి, కిందికి అనే రెండే దిక్కులు ఉండే లెక్క ఒకటి ఉంది. ఎర్న్స్ట్ ఐసింగ్ పేరు మీద దాన్ని ఐసింగ్ మోడల్ అంటారు. ఒకే గొలుసులా పేరిస్తే క్రమం నిలవదని ఐసింగ్ 1925లో చూపించాడు. ఒక పొరలా పరిస్తే నిలుస్తుందని, ఏ ఉష్ణోగ్రత దాకా నిలుస్తుందో కచ్చితమైన లెక్కతో సహా లార్స్ ఆన్సాగర్ 1944లో చేసి చూపించాడు. అంటే కాగితం మీద తలుపు తెరిచే ఉంది. ఆ తలుపులోంచి నడిచే పదార్థమే దొరకాలి.

నలభై లైన్ల కోడ్

నాకు చదివితే ఎక్కదు, రన్ చేస్తేనే ఎక్కుతుంది. మంగళవారం రాత్రి పైథాన్‌లో ఒక గ్రిడ్ చేశాను. ఒక్కో గడిలో +1 లేదా -1. నాలుగు పక్కల ఉన్న గడులతో కలిసి ఉంటే సుఖం, విడిగా ఉంటే ఖర్చు. వేడిని బట్టి అప్పుడప్పుడూ తిరగబడే అవకాశం. మొత్తం నలభై లైన్లు కూడా లేదు. పైథాన్ వచ్చిన ఎవరైనా ఒక సాయంత్రంలో రాసేయొచ్చు.

ఆన్సాగర్ లెక్క ప్రకారం ఆ మోడల్ కొలతల్లో 2.269 దగ్గర మార్పు రావాలి. ఉష్ణోగ్రత 3 పెట్టాను. స్క్రీన్ అంతా పాత టీవీలో సిగ్నల్ పోయినప్పటి చుక్కల్లా ఉంది. 1.5 పెట్టాను. కాసేపటికి ఒక రంగు మరకల్లా పెరిగి, కలిసిపోయి, స్క్రీన్‌ని దాదాపు నింపేసింది. ఏ గడికీ మొత్తం గ్రిడ్ గురించి తెలీదు. నలుగురు పక్కవాళ్లు తప్ప ఎవరూ తెలీదు. అయినా ఒక్కటయ్యాయి.

తర్వాత కోడ్ మార్చి సూదుల్ని ఏ దిక్కుకైనా తిరగనిచ్చాను. ఇప్పుడు గ్రిడ్ పెద్దది చేసేకొద్దీ మొత్తం కలిసిన బలం కొంచెం కొంచెంగా తగ్గుతూ పోయింది. మెర్మిన్, వాగ్నర్ చెప్పింది నా ల్యాప్‌టాప్‌లోనే కనపడింది. రెండు ప్రోగ్రాములకీ తేడా ఒక్కటే: సూదికి ఇష్టమైన దిక్కు ఉందా, లేదా. రాత్రి ఒంటిగంట అయింది. చెల్లిని ఒప్పించాలనే సంగతి అప్పటికే సగం మర్చిపోయాను.

2017లో దొరికింది

2017 జూన్‌లో 'నేచర్' పత్రికలో ఒకేసారి రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకటి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని షియావోడాంగ్ షు, ఎంఐటీలోని పాబ్లో హరియో హెరేరో బృందాలది. వాళ్ల పదార్థం క్రోమియం ట్రై అయొడైడ్. రెండోది బర్కిలీలోని షియాంగ్ ఝాంగ్ బృందానిది. అది క్రోమియం, జెర్మేనియం, టెల్లూరియం కలిసిన పదార్థం. రెండూ సెమీకండక్టర్ జాతివే, రెండూ పొరల పదార్థాలే.

క్రోమియం ట్రై అయొడైడ్ కొత్తదేమీ కాదు. దాని మందపాటి స్ఫటికం చలిలో అయస్కాంతమని 1960లలోనే తెలుసు. ఒక్కో పొర శాండ్‌విచ్ లాంటిది. పైనా కిందా అయొడిన్, మధ్యలో క్రోమియం. మందం దాదాపు 0.7 నానోమీటర్లు. ఇలాంటివి లక్ష పేరిస్తే మన తల వెంట్రుక మందం వస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, సూదులు ఉన్నది క్రోమియంలో, వాటికి దిక్కు చూపించేది అయొడిన్. అయొడిన్ బరువైన పరమాణువు. దాని ఎలక్ట్రాన్ల కదలిక వల్ల క్రోమియం సూదులు పొరకు నిలువుగా, పైకో కిందికో నిలబడడానికే ఇష్టపడతాయి. అయస్కాంతం కాని మూలకమే ఇక్కడ జెండా కర్ర.

మరి టేపు 2004లోనే ఉంటే ఇది 2017 దాకా ఎందుకు ఆగింది? కారణాల్లో ఒకటి మనం పీల్చే గాలి. పలచని క్రోమియం ట్రై అయొడైడ్ గాలిలోని తేమ తగిలితే నిమిషాల్లో పాడైపోతుంది. వెలుతురు కూడా ఉంటే ఇంకా తొందరగా. అందుకే గాలి చొరబడని గాజు పెట్టెలో, రబ్బరు గ్లవుజుల్లోంచి చేతులు పెట్టి పని చేయాలి. తీసిన పొరను పైనా కిందా వేరే పదార్థపు పొరలతో కప్పేయాలి. ఇలా కప్పడానికి ఎక్కువగా వాడేది బోరాన్ నైట్రైడ్. దాని మేలైన స్ఫటికాలను జపాన్‌లోని త్సుకుబాలో కెంజి వతనాబె, తకాషి తనిగుచి అనే ఇద్దరు తయారు చేసి ప్రపంచంలో ఎన్నో ల్యాబులకు పంపుతున్నారు.

ఇంత చిన్న ముక్క అయస్కాంతమో కాదో ఎలా తెలుస్తుంది? గుండుసూదిని అంటించి చూడలేం. దానిమీద లేజర్ వేసి, తిరిగి వచ్చిన కాంతిని చూస్తారు. అయస్కాంతం మీద పడి వచ్చిన కాంతి కంపించే దిశ కొద్దిగా మెలితిరుగుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన జాన్ కెర్ 1877లో కనిపెట్టిన సంగతి ఇది. 140 ఏళ్ల తర్వాత ఒక్క పొరను పరీక్షించడానికి అదే పనికొచ్చింది.

ఫలితం: ఒక్క పొర క్రోమియం ట్రై అయొడైడ్ 45 కెల్విన్ దాకా అయస్కాంతమే. మందపాటి స్ఫటికానికి ఆ హద్దు 61 కెల్విన్. లక్షల పొరల నుంచి ఒక్క పొరకు తగ్గించినా పోయింది 16 డిగ్రీలే. చెల్లి ప్రశ్నకు జవాబు దొరికింది. సరైన పదార్థమైతే, చివరి పొర దాకా పోదు.

ఒకటి అవును, రెండు కాదు, మూడు అవును

అసలు వింత ఆ తర్వాత ఉంది. ఒక పొర అయస్కాంతం అయితే రెండు పొరలు రెట్టింపు అయస్కాంతం కావాలి కదా? కాలేదు. రెండు పొరలు కలిపితే మొత్తం సున్నా! పై పొర సూదులు పైకి, కింది పొర సూదులు కిందికి తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మూడు పొరలు పెడితే మళ్లీ అయస్కాంతం.

పైనున్న పొర కింది పొర మీద సరిగ్గా ఎలా కూర్చుంది అన్నదాన్ని బట్టి ఆ రెండూ స్నేహమో వైరమో తేలుతుంది. 2019లో రెండు బృందాలు ఈ పొరల మీద గట్టిగా ఒత్తిడి పెట్టి, అవి కూర్చున్న తీరు మార్చి, విడిగా ఉన్నవాటిని ఒకే దిక్కుకు తిప్పగలిగాయి.

స్విచ్ దొరికినట్టేనా?

బుధవారం రాత్రికి నా అసలు ప్రశ్నకు వచ్చాను. ఉపయోగం ఏంటి?

సెమీకండక్టర్ గొప్పతనం ఏంటంటే వోల్టేజీ పెట్టి అందులో ఎలక్ట్రాన్లను పెంచొచ్చు, తగ్గించొచ్చు. మీ చేతిలోని ఫోన్ చిప్‌లో కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు చేసేది అదే. అయస్కాంతం గొప్పతనం ఏంటంటే కరెంటు పోయినా గుర్తుంచుకుంటుంది. హార్డ్ డిస్క్ పని చేసేది దానిమీదే. ఈ రెండు గుణాలూ ఒకే పొరలో ఉంటే అయస్కాంతాన్ని వోల్టేజీతో తిప్పొచ్చా?

2018లో దానికి మొదటి జవాబులు వచ్చాయి. రెండు పొరల క్రోమియం ట్రై అయొడైడ్‌ని బయటి అయస్కాంత క్షేత్రంతో తిరగబోయే అంచుదాకా తెచ్చి, అక్కడ వోల్టేజీ మారిస్తే చాలు, పొరలు ఎదురెదురు నుంచి ఒకే దిక్కుకు తిరిగాయి. వెనక్కీ తిప్పగలిగారు. అదే ఏడాది ఇంకో ప్రయోగంలో నాలుగు పొరల గుండా కరెంటు పంపారు. పొరలు ఎదురెదురుగా ఉన్నప్పటికీ, ఒకే దిక్కులో ఉన్నప్పటికీ కరెంటు దారికి వచ్చిన తేడా 19,000 శాతం. ఒకటి, సున్నా అని చదవడానికి అంతకంటే స్పష్టమైన తేడా ఏం కావాలి?

నేను గంతేయబోయి ఆగాను. ఇవన్నీ జరిగింది ఘోరమైన చలిలో.

చలి లెక్క

45 కెల్విన్ అంటే మన లెక్కలో మైనస్ 228 డిగ్రీలు. మా ఊరి పశువుల ఆసుపత్రిలో ఎద్దు వీర్యం దాచే క్యాన్ మూత తీస్తే తెల్లగా పొగ వస్తుంది, చూశారా? అది ద్రవ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీలు. మన ఊళ్లలో దొరికే అత్యంత చల్లని వస్తువు అదే అనుకుంటాను. క్రోమియం ట్రై అయొడైడ్‌కి ఆ చలి కూడా సరిపోదు.

ఇప్పుడు పరిశోధకులు ఇష్టపడుతున్న ఇంకో పదార్థం ఉంది. క్రోమియం, గంధకం, బ్రోమిన్ కలిసినది. గాలిలో తొందరగా పాడవదు. 132 కెల్విన్ దాకా, అంటే మైనస్ 141 డిగ్రీల దాకా దాని అయస్కాంత క్రమం నిలుస్తుంది. పశువుల ఆసుపత్రి క్యాన్ సరిపోతుందన్నమాట! పైగా దాని సూదుల దిక్కు మారితే అది పీల్చుకునే, వెదజల్లే కాంతి కూడా మారుతుంది. అంటే అయస్కాంతం సంగతి కాంతితోనే చదవొచ్చు.

గది ఉష్ణోగ్రతలోనూ నిలిచే పొరల అయస్కాంతాలు ఉన్నాయి. ఇనుము, గాలియం, టెల్లూరియం కలిసిన ఒక పదార్థం అలాంటిదే. కానీ అది లోహం, సెమీకండక్టర్ కాదు. వోల్టేజీ మాట అంత సులువుగా వినదు. చలి అక్కర్లేనిది, గాలికి పాడవనిది, వోల్టేజీ మాట వినేది, ఒక్క పొరలోనూ నిలిచేది... ఈ నాలుగూ ఉన్న పదార్థం కోసం వెతుకులాట ఇంకా నడుస్తోంది. మన ఫోన్‌లోకి రావడం సంగతి తర్వాత.

శుక్రవారం

గురువారం రాత్రి చిన్నాన్నకు ఫోన్ చేశాను. ఒప్పించలేకపోయానని ముందే చెప్పేశాను. తర్వాత నిజం నిజంలా చెప్పాను. స్టైపెండ్ నెలకు 37,000 వస్తుంది. హైదరాబాద్ ఆఫర్ కంటే తక్కువే. అయిదారేళ్లు పడుతుంది. దాని తర్వాత ఉద్యోగం గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరు. తను పని చేయబోయే పదార్థం వస్తువుగా మారుతుందని కూడా నేను మాటివ్వలేను.

"అట్లాంటప్పుడు ఎందుకు చేరమంటున్నావు?"

"చాలా ఏళ్లు ఎవరికీ కుదరని పని చిన్నాన్నా ఇది. కుదరదు అన్న రూల్‌ని సరిగ్గా చదివినవాళ్లకి కుదిరింది. నేను వారం రోజులు చదివితే నాకే నిద్ర పట్టలేదు. దానికి రెండేళ్ల నుంచీ అదే ధ్యాస."

కాసేపు మాట్లాడలేదు. "అంత పలచటి పొర ఎట్ట తీస్తారు?" అని అడిగాడు.

"టేపుతో. కాకిబంగారం ఊడదీసినట్టే."

"మా అమ్మ కత్తితో తీసేది" అన్నాడు చిన్నాన్న. "రోజుకి ఎన్ని తీసినా కూలి మాత్రం పెరిగేది కాదు." అంతే అన్నాడు. దాన్ని ఒప్పుకోలు అనుకోవాలో వద్దనడం అనుకోవాలో నాకు అర్థం కాలేదు. శుక్రవారం మధ్యాహ్నం చెల్లి మెసేజ్ పెట్టింది, చేరుతున్నట్టు మెయిల్ పంపేశానని. బస్ టికెట్ నాన్నే బుక్ చేశాడని.

మొన్న నెలాఖరులో ఒక ఫొటో పంపింది. మైక్రోస్కోప్ కింద ఊదారంగు సిలికాన్ పలక, దాని మీద ఒక మూల కంటికి ఆనీ ఆనని ముక్క. మూడు నెలలు గ్లవుజుల్లో చేతులు పెట్టి టేపులు పీకితే వచ్చింది అట. 'ఎన్ని పొరలు?' అని అడిగాను.

'రెండో మూడో ఇంకా తెలీదు అన్నా. రేపు చల్లబరిచి చూస్తాం.'

రెండైతే సున్నా, మూడైతే అయస్కాంతం. ఆ రాత్రి నాక్కూడా నిద్ర పట్టలేదు.